అరకు ఘాట్‌లో గ్రూప్ రైడ్: బళ్ళన్నీ కలిసి సాగాలా, విడివిడిగా ఎక్కాలా?

ప్రశ్న (విశాఖపట్నం నుంచి)

నమస్కారం. మా క్లబ్బు తరఫున డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి అరకు వెళ్ళి, చీకటి పడేలోగా కొండ దిగి రావాలని అనుకుంటున్నాం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా ఒకవైపు సుమారు 115 కిలోమీటర్ల దూరం. ఇంతవరకు భీమిలి రోడ్డు మీదా హైవే మీదా తిరిగామే తప్ప క్లబ్బుగా ఘాట్ ఎక్కడం ఇదే మొదటిసారి. మొత్తం పద్దెనిమిది బళ్ళు వస్తున్నాయి. వాటిలో 350 సీసీ బుల్లెట్లూ ఉన్నాయి, 125 సీసీ బళ్ళూ ఉన్నాయి. కొందరి వెనుక పిలియన్లు కూడా కూర్చుంటారు.

రైడ్ నడిపించే బాధ్యత నా మీద ఉంది. హైవే మీద మేము ఒకరు కుడి పక్కకు, ఆ వెనుకవారు ఎడమ పక్కకు జరిగి రెండు వరసలుగా వెళ్తాం. ముందు దారి చూపే లీడ్, చివర ఎవరూ వెనుకబడకుండా చూసే స్వీప్ ఉంటారు. మధ్యలో ఎవరూ విడిపోకూడదన్నది మా నియమం. ఘాట్‌లోనూ ఇదే పాటించాలని కొందరు, మలుపుల్లో అది కుదరదని మరికొందరు అంటున్నారు. కొత్తవారిని లీడ్ వెనుకే ఉంచాలా, స్వీప్‌కు దగ్గరగా ఉంచాలా అన్నది కూడా తేలడం లేదు. ఆ దారిలో గ్రూపులను నడిపినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (స్వీప్ రైడర్, విజయనగరం)

విడిపోకూడదనే నియమాన్ని శృంగవరపుకోట దాటాక పక్కన పెట్టండి. హైవే మీద గ్రూపును కాపాడేది అదే, కానీ ఘాట్‌లో ప్రమాదం తెచ్చేది కూడా అదే.

కారణం లెక్కలోనే కనిపిస్తుంది. పద్దెనిమిది బళ్ళ మధ్య తలా రెండు సెకన్ల ఎడం ఉంటే, మొదటి బండికీ చివరి బండికీ మధ్య 34 సెకన్ల దూరం ఉంటుంది. అందరూ గంటకు 25 కిలోమీటర్ల వేగంతో మలుపు తిరుగుతున్నప్పుడు ఆ వరస పొడవు సుమారు 235 మీటర్లు. మలుపు దాటి 50కి చేరాక అదే ఎడంతో వెళ్ళినా పొడవు 470 మీటర్లు అవుతుంది. అంటే ఎవరూ వెనుకబడకపోయినా వరస రెట్టింపు సాగుతుంది. ఇంకా మలుపులోనే ఉన్న చివరివారికి మాత్రం ముందువారు తమను వదిలి వెళ్ళిపోతున్నట్టు కనిపిస్తుంది. అందుకోవాలన్న కంగారులో వారు థ్రాటిల్ తిప్పుతారు, తమకు చేతకాని వేగంతో తరువాతి మలుపులోకి దూరుతారు. గ్రూప్ రైడుల్లో కొత్తవారు మలుపు వెలుపలికి జారిపోవడానికి నేను చూసినంతలో ముఖ్య కారణం ఇదే.

కాబట్టి ఆరేసి బళ్ళ చొప్పున మూడు గ్రూపులు చేసి, ప్రతి గ్రూపుకూ ఒక లీడ్‌నూ ఒక స్వీప్‌నూ పెట్టండి. వేగంగా వెళ్ళగల గ్రూపు ముందు బయలుదేరితే ముందువారిని దాటాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. పది నిమిషాల తేడాతో మిగతావి రావచ్చు. ఒక్కో గ్రూపులో కొత్తవారు, పిలియన్ ఉన్న 125 సీసీ వారు లీడ్ వెనుకే ఉండాలి. అప్పుడు లీడ్ అద్దంలో వారిని చూస్తూ తన వేగం తగ్గించుకుంటారు, వారు లీడ్ ఎక్కడ బ్రేక్ వేస్తున్నారో, మలుపులోకి ఎక్కడ నుంచి తిరుగుతున్నారో చూసి నేర్చుకుంటారు. చివర ఉంచితే సాగే వరస బరువంతా వారి మీదే పడుతుంది.

ఘాట్‌లో రెండు వరసలు వద్దు. ఒకే వరసలో వెళ్తూ ప్రతి రైడరూ లేన్ మొత్తాన్ని తన అవసరం కొద్దీ వాడుకోవాలి. ఇక దారి తప్పుతారన్న భయానికి మందు సులువే: బొర్రా గుహలకు చీలే చోటు వంటి ప్రతి కూడలిలోనూ లీడ్ వెనుకనున్న రైడర్ రోడ్డు పక్కన ఆగి, తన గ్రూపు స్వీప్ కనిపించేదాకా నిలబడి దారి చూపాలి. ఈ ఒక్క ఏర్పాటు పక్కాగా ఉంటే మలుపుల్లో ఒకరినొకరు చూసుకోవలసిన పనే లేదు. ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు కనుక, ఎక్కడెక్కడ కలుసుకోవాలో బయలుదేరే ముందే చెప్పుకోండి.

సమాధానం 2 (అనంతగిరి మండలం నుంచి)

పై సూచనలతో ఏకీభవిస్తూ ఈ రోడ్డు పక్కన ఉండేవారి మాటగా రెండు విషయాలు చేరుస్తాను. కుడివైపు మలుపులో బండి వంచినప్పుడు చక్రాలు మన లేన్‌లోనే ఉంటాయి గాని, రైడర్ తల, భుజం మధ్య గీత దాటి ఎదుటి లేన్‌లోకి వెళ్తాయి. రోడ్డు దాదాపు వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపు దగ్గర పెద్ద బస్సు తిరగాలంటే దాదాపు రోడ్డంతా కావాలి. అందుకే ఏ మలుపులోనూ మధ్య గీతకు ఆనుకుని రావద్దు, మలుపు కనిపించక ముందే హారన్ కొట్టండి, బస్సు సగం తిరిగి ఉంటే ఆగిపోండి. ఇరుకు చోట ఎక్కే బండికి దిగేవారు దారి ఇవ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది.

రెండోది, ఆగే చోటు. గాలికొండ వ్యూ పాయింట్ వద్ద అందరూ ఒకేసారి ఆగి బళ్ళను తారు మీదే వదిలేస్తే, వెనుక నుంచి వచ్చే జీపుకు మలుపు తిరిగేదాకా అవి కనపడవు. రోడ్డు పూర్తిగా దిగి నిలపండి. డిసెంబరు పొద్దున మంచు దట్టంగా పడి రోడ్డు తడిసి ఉంటుంది, పశువులూ రోడ్డు మీదే ఉంటాయి. ఆ నెలలో విశాఖ ప్రాంతంలో సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. కొండల నీడ వల్ల లోయలో అంతకుముందే చీకటి కమ్ముతుంది. మధ్యాహ్నం రెండింటికల్లా అరకు వదలండి.

సమాధానం 3 (మెకానిక్, గాజువాక)

దిగేటప్పుడు న్యూట్రల్‌లో గానీ, క్లచ్ పట్టుకుని గానీ రావద్దని అందరికీ గట్టిగా చెప్పండి. ఏ గేరులో ఆ వాలు ఎక్కారో దాదాపు అదే గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. వెనుక బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది. పైగా బ్రేకు లైటు ఆరకుండా వెలుగుతుంటే, మీరు నిజంగా ఎప్పుడు ఆగుతున్నారో వెనుకవారికి తెలియదు. డిస్క్ బ్రేకు ఆయిల్ మార్చి చాలాకాలమైతే బయలుదేరే ముందే మార్పించండి, ఎందుకంటే తేమ చేరిన పాత ఆయిల్ వేడికి త్వరగా మరిగి లివరు మెత్తబడుతుంది.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మూడు గ్రూపులుగానే వెళ్తాం, కూడళ్ళలో నిలబడేవారిని ముందురోజే నిర్ణయిస్తాం. ఒక్క సందేహం: తిరుగు ప్రయాణంలో నెమ్మదిగా వచ్చే గ్రూపును ముందుగా దింపడం మంచిదా?

సమాధానం 1 (స్వీప్ రైడర్)

వద్దండీ. నెమ్మదైన గ్రూపు ముందుంటే వెనుకవారు వాలులో దాన్ని అందుకుని దాటాలని చూస్తారు. ఎక్కిన వరసలోనే దిగండి, కాకపోతే గ్రూపుల మధ్య పదిహేను నిమిషాల తేడా ఉంచి, శృంగవరపుకోటలో అందరూ చేరాక లెక్క చూసుకుని విశాఖ వైపు కదలండి.