పాత క్రౌన్ మూతల మిషను: మూత ఒక పక్క సరిగా పట్టడం లేదు

విజయవాడలో ఇంటి దగ్గరే సుగంధి సోడా చేసి అమ్ముతాం. పోయిన నెల సీసాలకు క్రౌన్ మూతలు (పళ్ల అంచు ఉండే రేకు మూతలు) బిగించే, చేత్తో హ్యాండిల్ లాగే పాత మిషను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సీసాలు 200 మి.లీ., మూతలు మామూలుగా 26 మి.మీ. సైజు అని పిలిచేవి, 21 పళ్లవి.

పది సీసాల్లో మూడు నాలుగింటికి తెల్లారేసరికి గ్యాస్ పోతోంది. నీళ్ల బకెట్లో ముంచితే బుడగలు ఎప్పుడూ హ్యాండిల్‌కు అవతలి పక్క నుంచే వస్తున్నాయి. వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పనిముట్టు) బిగించాక మూత బయటి అంచు కొలిస్తే, బాగా పట్టిన మూత ఎటు చూసినా 28.7 మి.మీ. ఉంది. కారే మూత ఒక వైపు 28.7, దానికి అడ్డంగా 29.2.

మూతలు కొత్త డబ్బావి మార్చాను, తేడా లేదు. బోల్టులన్నీ బిగించాను. మూత అంచును నొక్కి బిగించే డైని సగం చుట్టు తిప్పి పెట్టాను, అయినా కారే చోటు మారలేదు. అందుకే డై అరగలేదనే నా నమ్మకం. సీసా పీట కింద ఒక పక్క సన్నని రేకు పెడితే కారడం తగ్గింది గానీ రెండు సీసాల మూతి పెచ్చు ఊడింది. పిల్లలు తాగే సోడా, గాజు ముక్క పడితే ఇంకేమైనా ఉందా! వెంటనే తీసేశాను.

పైనుంచి దిగే రాడ్డును పట్టుకుని ఊపితే కొంచెం కదులుతోంది. ఆటోనగర్ లేత్ షాపులో బుష్ (ఆ రాడ్డు జారే గొట్టంలాంటి భాగం) కొత్తది వేయాలన్నారు. ఆ ఖర్చు పెట్టేముందు, లోపం బుష్‌లో ఉందా, పీట వంకరలో ఉందా అని ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?