లిప్తపాటు, రెప్పపాటు ఒకటేనా?

ప్రశ్న: మా అమ్మాయి తెలుగు వ్యాసంలో ‘లిప్తపాటులో బస్సు వెళ్లిపోయింది’ అని రాసింది. రెప్పపాటు అనబోయి తప్పు రాసిందనుకుని కొట్టేశాను. తీరా నిఘంటువు తీస్తే రెండూ ఉన్నాయి! రెప్ప అంటే కనురెప్ప, సరే. ఈ లిప్త ఎక్కడిదండీ?

జవాబు: సంస్కృతంలో లిప్తం అంటే పూసినది. లేపనం కూడా ఆ ధాతువే. పూతకీ క్షణానికీ చుట్టరికం ఏమిటో మరి!

జవాబు: ఆ లిప్తం వేరు మాస్టారూ, ఇది జ్యోతిషం మాట. డిగ్రీలో అరవయ్యో వంతు లిప్త, అందులో అరవయ్యో వంతు విలిప్త. కళ, వికళ అన్నా ఇవే. అసలు మాట గ్రీకుది: ‘లెప్తోన్’, అంటే సన్ననిది, చిన్నది. అరవైతో భాగించే లెక్క బాబిలోనియా వాళ్లది. గ్రీకులు దాన్ని అందుకున్నారు, 2వ శతాబ్దంలో టాలెమీ గ్రహగణితమంతా ఆ పద్ధతిలోనే చేశాడు. మన జ్యోతిషంలోని హోర, కేంద్రం, ద్రేక్కాణం (రాశిలో మూడో వంతు) కూడా గ్రీకు నుంచి వచ్చినవే. లాటిన్‌లో ఆ ‘చిన్న భాగం’ మినూతా అయింది, ఇంగ్లీషు మినిట్ దాని బిడ్డ. రెండోసారి అరవైతో భాగిస్తే వచ్చేది కాబట్టి సెకండ్. గ్రీసులో నేటికీ నిమిషాన్ని ‘లెప్తో’ అనే అంటారు. అక్కడ యూరోలో నూరో వంతు చిల్లరకూ అదే పేరు.

అడిగినవారు: మరి లిప్త కోణం కొలత కదండీ, కాలం ఎలా అయింది?

జవాబు: పాత లెక్కలో రోజుకి 60 ఘడియలు, ఘడియకి 60 విఘడియలు, విఘడియకి 6 ప్రాణాలు. గుణిస్తే రోజుకి 21,600 ప్రాణాలు. చక్రంలో 360 డిగ్రీలకు లిప్తలూ సరిగ్గా 21,600! ఒక ప్రాణంలో ఆకాశం ఒక కళ తిరుగుతుందన్న లెక్క ఆర్యభటుడిలోనే ఉంది. ప్రాణం అంటే మన 4 సెకన్లు. ఆ లెక్కన లిప్తపాటు 4 సెకన్లు. అంతసేపు రెప్ప మూసుకు నిలబడితే బస్సు నిజంగానే వెళ్లిపోతుంది. 🙂 రెప్పకీ లిప్తకీ పలకడంలో ఉన్న పోలికే దీన్ని ‘పాటు’తో జత చేసి ఉంటుందని నా ఊహ.

జవాబు: అసలు తమాషా నిమిషంతో ఉంది. సంస్కృతంలో నిమేషం, నిమిషం అంటే రెప్పపాటే. రెప్ప వాల్చరు కాబట్టే దేవతలు అనిమిషులు. మనం ఆ నిమిషాన్ని తీసుకెళ్లి 60 సెకన్లకు కట్టేశాం. మినిట్‌తో అర్థం కలిసే లిప్తనేమో రెప్పపాటుగా మార్చాం. రెండూ తారుమారు! ‘ఒక్క నిమిషం’ అని ఫోన్ హోల్డ్‌లో పెట్టేవాళ్ల నిమిషం ఏ సిద్ధాంతంలోదో, ఐదు ఖగోళ సిద్ధాంతాలను క్రోడీకరించిన వరాహమిహిరుడే చెప్పాలి.

అడిగినవారు: కొట్టేసిన మాట మళ్లీ రాసిచ్చానండీ. ‘నేను ముందే చెప్పానుగా’ అంటోంది.