చక్‌కి ఈపీ2 గ్రీజ్ చాలదా?

పీణ్య షాపు: బెంగళూరు పీణ్యలో ఆరు సీఎన్‌సీ లేత్‌ల షాపు మాది. పీస్‌ని పట్టి తిప్పే చక్‌కి వాడే గ్రీజ్ ధర బేరింగ్ గ్రీజ్‌కి చాలా రెట్లు. ఈపీ2 అనే బేరింగ్ గ్రీజ్ కూడా భారీ లోడ్ తట్టుకునేదే కదా, ఎనిమిదేళ్లుగా అదే కొడుతున్నాం. మార్చాలా?

రాజాజీనగర్ టర్నర్: మార్చాలి సార్. బేరింగ్ తిరిగే వేగానికి ఆయిల్ పొర దానంతట అదే ఏర్పడుతుంది. చక్‌లో వెడ్జ్ (వాలు ముక్క) మీద మాస్టర్ జా (పీస్‌ని పట్టే దవడకి ఆధారం) జరిగేది కొద్ది మిల్లీమీటర్లే, అదీ మెల్లగా, విపరీతమైన ఒత్తిడిలో. ఆయిల్ పక్కకి తోసుకుపోతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటి పొడి కలిసిన గ్రీజైతే ఆ పొడి ఇనుముకీ ఇనుముకీ మధ్య నిలబడుతుంది. పైగా కూలెంట్ రోజంతా కడిగేస్తుంటే మామూలు గ్రీజ్ నిలవదు.

సెకండ్ షిఫ్ట్: మాలీ (ఆ మాలిబ్డినం పొడి) నలుపు మరక పోదు. తెల్ల చక్ గ్రీజ్ కూడా దొరుకుతుంది.

పీణ్య షాపు: చక్ బిగించే ప్రెజర్ గేజ్‌లో నాకు రోజూ 20 బార్ కనిపిస్తోంది. ప్రెజర్ తగ్గనప్పుడు గ్రిప్ ఎలా తగ్గుతుంది?

రాజాజీనగర్ టర్నర్: గేజ్ చెప్పేది చక్‌ని లాగే సిలిండర్ సంగతి. అక్కడి బలం వెడ్జ్ దాటి జా దాకా రావాలి, మధ్యలో రాపిడి తినేస్తుంది. ఎండిపోయిన చక్‌లో గ్రిప్ సగానికి పడిపోయినా గేజ్ ముల్లు కదలదు. జా పట్టు ఎంతో కొలిచే గ్రిప్ మీటర్ పెట్టి చూడండి.

పీణ్య షాపు: 20 బార్ అంటే 20 బారే. మా దగ్గర ఒకసారి పీస్ ఎగిరింది, అది ఆపరేటర్ అజాగ్రత్త. సరిగ్గా కూర్చోబెట్టలేదు.

ఫౌండ్రీ పక్కన: కాస్ట్ ఐరన్ పొడి చేరితే ఏ గ్రీజైనా ముద్ద కడుతుంది. చక్ విప్పి కడగాల్సిందే.

రాజాజీనగర్ టర్నర్: అజాగ్రత్త అన్నారు చూడండి, నన్నూ అదే అన్నారు. పాత కంపెనీలో రాత్రి షిఫ్ట్‌లో పీస్ జారి డోర్ అద్దం పగిలింది. మూడు రోజుల జీతం కోశారు. తర్వాత చక్ విప్పితే వెడ్జ్ గాడులు పొడిపొడిగా ఉన్నాయి, అంచున తుప్పు. గ్రీజ్ గన్ స్టోర్‌లో ఉండేది. స్టోర్‌కి సాయంత్రం ఆరింటికే తాళం. నేను దేంతో కొట్టాలి సార్?

పీణ్య షాపు: మీ కోపం నా మీద చూపించకండి. గ్రీజ్ కొట్టడానికి షిఫ్ట్‌కి మెషిన్‌కి పది నిమిషాలు, ఆరు మెషిన్లు, రెండు షిఫ్టులు. రోజుకి రెండు గంటలు. పీస్‌కింత అని రేటు కట్టే కస్టమర్ ఆ రెండు గంటలకి డబ్బిస్తాడా?

సెకండ్ షిఫ్ట్: పది నిమిషాలెందుకన్నా? గ్రీజ్ ఎక్కించే నిపుల్స్ మూడే, ఐదు నిమిషాలు చాలు.

రాజాజీనగర్ టర్నర్: గ్రీజ్ ధర గురించి కాదన్నమాట మన గొడవ. టైమ్ గురించి. ఆ పది నిమిషాలు టార్గెట్‌లోంచి తగ్గించకపోతే ఏ ఆపరేటరూ గన్ ముట్టుకోడు సార్. ముట్టుకుంటే పీసులు తగ్గాయని తిడతారు, ముట్టుకోకపోతే పీస్ ఎగిరిందని తిడతారు.

పీణ్య షాపు: ఒక్క మెషిన్ మీద చూస్తాను. ఆ గ్రిప్ మీటర్ ఎవరి దగ్గరైనా ఉందా, రెండు రోజులకి?

రాజాజీనగర్ టర్నర్: మా దగ్గరుంది, మా సార్‌ని అడిగి తెస్తాను. కొట్టకముందు ఒకసారి చూడండి. కొట్టాక పీస్ లేకుండా జాస్ పదిసార్లు తెరిచి మూసి, గ్రీజ్ పాకాక మళ్లీ చూడండి. గన్ మాత్రం మెషిన్ పక్కనే ఉంచండి.