పాత మాసీ 1035 ట్రాక్టరుకి టిప్పింగ్ ట్రాలీ నూనె లైను: లోపలి పంపు నుంచే తీయాలా, వేరే పంపు పెట్టించాలా?

పాకాల_రైతు:
అందరికీ నమస్కారం. మా నాయన కాలం నాటి మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు ఉండాది. వెనక లిఫ్ట్ గట్టిగానే ఉండాది, తొమ్మిది పళ్ళ కల్టివేటర్ ఎత్తితే ఎత్తినచోటే నిలబడతాది. ఇప్పుడు టిప్పింగ్ ట్రాలీ తీసుకుంటా ఉండాను, సింగిల్ యాక్టింగ్ జాకీది (నూనె ఎత్తను మాత్రమే, దిగేది తొట్టి బరువుకే). లిఫ్ట్ కవర్ మీద టాపింగ్ ప్లగ్ (లోపలి పంపు నూనె బయటికి తీసుకునే చోటి బిరడా) విప్పి అక్కడినుంచే హోస్ లాగితే చాలని ఒకరు, ముందర క్రాంక్ పుల్లీకి వేరే గేర్ పంపు, వేరే ట్యాంకు పెట్టించమని ఇంకొకరు. చెరువు మట్టి, దిబ్బెరువు, సీజన్లో తోతాపురి కాయ తోలాల. ఏది మేలు?

పలమనేరు_మేస్త్రి:
తమ్ముడూ, టాపింగే. ఇందులో ఆలోచించేదేమీ లేదు. లిఫ్ట్ చేతులకి పోయే లైనుకీ ట్రాలీ లైనుకీ మధ్య, నూనెను ఏదో ఒకవైపుకే మళ్ళించే సెలెక్టర్ వాల్వ్ ఒకటి పెట్టు. అది లేకుండా ఉత్త హోస్ తగిలిస్తే బరువు లేని చేతులు ముందు లేస్తాయి. అవి పైకి చేరగానే లోపలి వాల్వ్ పంపుకి నూనె ఆపేస్తాది, ట్రాలీకి చుక్క రాదు. చానామంది ఇక్కడే పంపు పోయిందని భయపడి హౌసింగ్ విప్పేస్తారు. పంపుకేమీ కాలేదు, అది దాని పని అది చేసింది.

నగరి_చెరుకు:
మేస్త్రి సగమే చెప్పినాడు. ఈ రకం బండిలో పంపు వెనక హౌసింగ్‌లో నూనెలో మునిగి ఉంటాది, కంట్రోల్ వాల్వ్ పంపు పీల్చేవైపు ఉంటాది. చేతులు కావలసిన ఎత్తుకి రాగానే ఆ కదలికే వాల్వ్‌ను మూస్తాది. పంపు తిరుగుతానే ఉన్నా నూనె పీల్చదు, వేడెక్కదు. ఫెర్గూసన్ పద్ధతిలో గొప్పతనమే అది. నువ్వు సెలెక్టర్ తిప్పి చేతుల్ని కట్ చేసినావనుకో, చేతులు కదలవు. కదలకపోతే వాల్వ్ తనంతట తాను మూసుకోదు. జాకీ చివరిదాకా పోయినాక కూడా పంపు తోస్తానే ఉంటాది, ఒత్తిడి మితిమీరితే నూనె వదిలే రిలీఫ్ వాల్వ్ లేచి అరస్తాది. డ్రైవరు లివర్ వెనక్కి తియ్యడం మరిచిపోతే? వేరే గేర్ పంపు, ఓపెన్ సెంటర్ స్పూల్ వాల్వ్ పెట్టు. లివర్ వదిలితే స్ప్రింగు మధ్యకి తెస్తాది, నూనె ట్యాంకుకి పోతాది. పీడ పోయింది.

కుప్పం_కుర్రోడు:
సింగిల్ క్లచ్ బండా, డబుల్ క్లచ్చా (సగం తొక్కితే బండి ఆగతాది, పంపు ఆగదు)? సింగిల్ అయితే క్లచ్ తొక్కితే పంపు ఆగిపోతాది గదా.

పలమనేరు_మేస్త్రి:
ఆగితే ఏమి? ట్రాలీ ఎత్తేటప్పుడు బండి నిలబెట్టి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ వదిలి ఎత్తుతారు. నడుస్తా ఎవురు ఎత్తుతారు?

నగరి_చెరుకు:
మట్టి పరచాలంటే ముందుకి జరుపుకుంటానే ఎత్తాల. క్లచ్ తొక్కినప్పుడల్లా పంపు ఆగి, వదిలినప్పుడల్లా ఎగిరి లేస్తే ఆ కుదుపు ఎవురి నెత్తిన పడతాది?

పలమనేరు_మేస్త్రి:
పంపు ఆగినంత మాత్రాన జాకీ దిగదు. క్లచ్ తొక్కితే ఎత్తడం ఆగుతాది, అంతే. నీకు క్లచ్ తప్ప ఇంకేమీ కనపడదా?

నగరి_చెరుకు:
నేను దిగతాదని యాడ అన్నాను? కుదుపు అన్నాను. మళ్ళీ చదువు.

శ్రీకాళహస్తి_రెడ్డి:
పీటీఓ (వెనక పనిముట్లు తిప్పే షాఫ్టు) లివర్ కూడా చూసుకోండి. పాత ఫెర్గూసన్ రకాల్లో పీటీఓ వెయ్యకుంటే పంపే తిరగదు. మా ఊళ్ళో ఒకాయన లిఫ్ట్ చచ్చిపోయిందని మెకానిక్‌ను పిలిపించినాడు.

పలమనేరు_మేస్త్రి:
గేర్ పంపు గురించి ఒక్కరూ నిజం చెప్పరు. బెల్టుతో తిప్పితే షాఫ్టు పక్కకి లాగుతాది. గేర్ పంపులు చానావరకు ఆ పక్కలాగుడుకి చేసినవి కాదు, మధ్యలో వేరే బేరింగు స్టాండు కావాల. ఎవురూ పెట్టరు. సీలు పోతాది, నూనె రేడియేటర్ మీద చిమ్ముతాది. మా షెడ్డుకి వచ్చే రైతు ఒకాయన ఎవురో చెప్పిన మాట విని పంపు, ట్యాంకు, వాల్వు, బ్రాకెట్ అన్నీ పెట్టించినాడు. సంవత్సరం తిరిగేలోపల అప్పు తీర్చలేక బండే అమ్ముకున్నాడు. ఇప్పుడు సేద్యానికి బాడుగ బండి కోసం కాచుకోనుంటాడు. ఆ మనిషిని చూసినాక కూడా నేను ఇంకో రైతుకి గేర్ పంపు చెప్పాలనా?

నగరి_చెరుకు:
నేను చూసినది చెప్తా విను. మా పక్కింటాయన బండికి ఊళ్ళో ఎవురి ట్రాలీ పడితే వాళ్ళది తగిలించేవాళ్ళు. హోస్ గుచ్చే కప్లర్‌కి మూత లేదు, మట్టిలో పడేసిన హోస్ తీసి అట్లే గుచ్చేవాళ్ళు. ఆ జాకీల్లోని నీళ్ళు, మురికి అంతా వచ్చి గేర్‌బాక్సు నూనెలో కలిసింది. ఈ బండిలో లిఫ్ట్‌కీ గేర్లకీ ఒకటే నూనె. పాల మాదిరి తెల్లగా అయిపోయినాక విప్పినారు. పంపు, వాల్వు, బేరింగులు అన్నీ పోయినాయి. ట్రాలీకి వేరే ట్యాంకు ఉంటే పాడయ్యేది ఆ ట్యాంకు నూనె ఒకటే.

ఇంకొకటి. జాకీ పూర్తిగా లేచినప్పుడు అందులో నిండిన నూనె అంతా హౌసింగ్ నుంచి పోయిందే. మట్టం తగ్గి పంపు గాలి పీలిస్తే? ఆ పంపు మడక లోతు చూసుకోను పుట్టింది, ట్రాలీలు ఎత్తను కాదు.

పలమనేరు_మేస్త్రి:
ఫెర్గూసన్ పాత టీఈ20 ట్రాక్టరు రోజుల్లోనే ఫెర్గూసన్ టిప్పింగ్ ట్రైలర్ అమ్మినారు, అది ఈ నూనెతోనే లేచింది. ఆ రోజుల్లో పనికొచ్చింది ఇప్పుడు పనికిరాదా? జాకీకి పట్టే నూనె ఎంతో కొలిచి అంత ఎక్కువ పొయ్యి. కప్లర్‌కి మూత పెట్టు. మూతకి ఎంత అవతాది? దానికి గేర్ పంపు పెట్టాలనేది పంపులు అమ్మేవాళ్ళ మాట.

నగరి_చెరుకు:
నేను పంపులు అమ్మేవాడినా? రెండెకరాల చెరుకు నాది. ఆ మాట వెనక్కి తీసుకో.

పలమనేరు_మేస్త్రి:
తీసుకోను. పేదోడి చేతిలో ఉన్న బండి మీద నాలుగు పనులు చేసుకోనీకుండా, కొత్తది కొను, వేరేది పెట్టు అనేవాళ్ళందరికీ నా మాట ఇదే.

చంద్రగిరి_మామిడితోట:
అన్నలూ, ఇద్దరూ పంపు గురించే కొట్లాడతా ఉండారు. హోస్ గురించి ఎవురూ అడగలేదే? ఈ లిఫ్ట్ రిలీఫ్ వాల్వ్ సుమారు 2500 పీఎస్ఐకి లేస్తాది, అంటే 170 బార్ పైమాటే. అరంగుళం హోస్ ఒక్క వైరు అల్లికది అయితే దాని రేటింగ్ 160 బార్. రెండు అల్లికలది 275. అంగట్లో చూస్తే రెండూ నల్లగా ఒకే మాదిరి ఉంటాయి. మా తోటలో కాయ దించేటప్పుడు ట్రాలీ లేచి ఉండగా హోస్ పగిలింది. ఎత్తిన తొట్టి కింద అడ్డం పెట్టలేదు. కూలికి వచ్చిన పిల్లోడి కాలు పోయింది. పంపు లోపలిదా బయటిదా అని ఆ పొద్దు ఎవురూ అడగలేదు.

నగరి_చెరుకు:
అక్కా, నేను చెప్తా ఉండేది అదే. డ్రైవరు మరిచిపోయినా మనిషి మీద పడకుండా ఉండాల.

చంద్రగిరి_మామిడితోట:
స్పూల్ వాల్వ్ పెట్టినా హోస్ పగిలితే తొట్టి పడతాది కదన్నా. జాకీ మూతి దగ్గరే హోస్-బరస్ట్ వాల్వ్ పెట్టాల. నూనె ఒక్కసారిగా వెనక్కి ఉరికితే అది మూసుకుంటాది, తొట్టి నిలబడతాది. దాంతోపాటు తొట్టికి ఇనుప దన్ను. ఈ రెండూ ఏ పంపుకైనా కావాల్సిందే.

కుప్పం_కుర్రోడు:
జీఐ ఎల్బోలు, టెఫ్లాన్ టేపుతో లైను వేస్తే ఆపుతాయా?

పలమనేరు_మేస్త్రి:
వెయ్యొద్దురా నాయనా. జీఐ నీళ్ళకి చేసింది. ఆ టేపు ముక్కలు ఊడిపోయి వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. కారతా ఉందని చేత్తో తడిమి చూడబాకు, సూది మాదిరి నూనె చర్మంలోకి దూరుతాది. పైకి చిన్న చుక్కే కనపడతాది, అయినా ఆ పూటే ఆసుపత్రికి పోవాల, లేకుంటే చెయ్యి తీసేస్తారు. అట్టముక్క పట్టి చూడు.

అక్కా, నువ్వు చెప్పిన దన్ను నేను వచ్చినోళ్ళందరికీ చెప్తాను. దన్నుకీ రెండల్లికల హోస్‌కీ డబ్బు పెట్టమను, ఒప్పుకుంటాను. నాకు కోపం వచ్చేది ఆ డబ్బంతా పంపుకే పెట్టిస్తే.

నగరి_చెరుకు:
నాకు కోపం వచ్చేది, బండి ఓనరు తోలడు, బాడుగ డ్రైవరు తోలతాడు. ఓనరు మిగిలించుకున్న డబ్బుకి కాలు పోయేది వాడిది. పాకాల తమ్ముడూ, నీ ట్రాలీ నువ్వే తోలతావా, బాడుగకి ఇస్తావా? ఇది మొదటే చెప్పాల్సింది.

పాకాల_రైతు:
మామిడి సీజన్లో బాడుగకి ఇద్దామనే అనుకున్నాను అన్నా. డ్రైవర్లు మారతా ఉంటారు.

నగరి_చెరుకు:
అయితే టాపింగ్ వద్దు. లివర్ సంగతి తెలీని మనిషి చేతికి ఆ బండి ఇవ్వబాకు.

పలమనేరు_మేస్త్రి:
ఆ బండికి టాపింగే చాలు. బాడుగకి ఇచ్చేటప్పుడు డ్రైవరుకి కూర్చోబెట్టి నేర్పించు, నేర్చుకోనివాడికి ఇవ్వబాకు.

పాకాల_రైతు:
ఈ సీజన్‌కి బాడుగ మానుకుంటాను. నా ట్రాలీ నేనే తోలుకుంటాను, టాపింగ్ తీస్తాను, రెండల్లికల హోస్, బరస్ట్ వాల్వ్, దన్ను మూడూ పెట్టిస్తాను. అక్కా, దన్ను ఏ ఇనుముతో చేయించినారు, తొట్టికి ఎక్కడ తగిలించినారు? వీలైతే ఫోటో పెట్టండి.