పార్కిన్సన్స్‌నూ, క్యాన్సర్ తొలిదశనూ కలిపి పరిశోధించడం ఎందుకు?

ప్రశ్న: నాడీకణాలు నశించే పార్కిన్సన్స్ వ్యాధినీ, కణాలు అదుపు తప్పి పెరిగే క్యాన్సర్ తొలిదశనూ ఒకే శాస్త్రవేత్త ఎందుకు అధ్యయనం చేస్తారో దయచేసి వివరించగలరా?

మొదటి జవాబు: రెండింటినీ కలిపే ముఖ్యమైన అంశం, కణం తన చెత్తను తానే శుభ్రం చేసుకునే ఆటోఫజీ అండి. ఇందులో పాడైన ప్రోటీన్లను ఒక పొర సంచిలా చుట్టి, కరిగించడానికి లైసోజోముకు, అంటే కణంలో చెత్తను జీర్ణం చేసే సంచికి, చేరుస్తుంది. దీని జన్యువులను ఈస్ట్‌లో గుర్తించిన యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ లభించింది. నాడీకణం విభజన చెందదు కనుక, పేరుకున్న చెత్తను పిల్లకణాలకు పంచి పలుచన చేసుకునే వీలు, పాపం, దానికి లేదు.

రెండో జవాబు: 1998లో పార్కిన్సన్స్‌కు ఒక కారణంగా గుర్తించిన పార్కిన్ జన్యువు కొన్ని కణితుల్లోనూ దెబ్బతిని కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే ఆటోఫజీని పెంచితే రెండూ తగ్గుతాయా?

రెండో జవాబు: అది తొందరపాటు అవుతుందండి. తొలిదశలో కణితిని అడ్డుకునే ఆటోఫజీయే, ముదిరిన కణితికి పోషకాలు కరువైనప్పుడు ఆహారం సమకూరుస్తుంది.