కౌన్సెలర్ కావాలంటే పీజీ, పర్యవేక్షణలో శిక్షణ తప్పనిసరి చేయాలా?

పలాస విద్యార్థిని: సైకాలజీ ఒక సబ్జెక్టుగా బీఏ చివరి ఏడాదిలో ఉన్నాను. మా ఉద్దానంలోనే కౌన్సెలర్‌గా పని చేయాలని కోరిక. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో మొదలుపెట్టేయమని కొందరంటున్నారు. ఎమ్మెస్సీ చేసి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని నేర్చుకున్నాకే మనుషుల ముందు కూర్చోవాలని మా మేడమ్ గారి మాట. మీరేమంటారు?

సోంపేట మాస్టారు: మొదలుపెట్టమ్మా. పీజీ తప్పనిసరి చేస్తే కవిటికి, కంచిలికి వచ్చేదెవరు? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు కూకటివేళ్లతో కూలినప్పుడు రైతుల పక్కన కూర్చుని ధైర్యం చెప్పింది ఇరుగుపొరుగు, ఆశా కార్యకర్తలు. వాళ్లలో ఎవరి దగ్గరా లైసెన్సు లేదు.

డయాలసిస్ నర్సు: మాస్టారూ, ధైర్యం చెప్పడం వేరు, కౌన్సెలింగ్ వేరు. మా వార్డులో రోగి ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రానికి అతుక్కుని ఉంటాడు. తోట అమ్మి, అప్పు చేసి, ఇంటికి బరువయ్యానని కుమిలిపోయే మనిషి ఒక రోజు నెమ్మదిగా అంటాడు: "వచ్చే వారం నుంచి రానులే అమ్మా." పక్కనున్నవాళ్లందరూ ఒకటే పాట: "అలా అనకూడదు, దేవుడున్నాడు, పిల్లల మొహం చూడు." ఆయన నోరు అక్కడితో మూతపడుతుంది. శిక్షణ ఉన్న మనిషి, "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగుతుంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, మనసులో ఉన్నది బయటికొస్తుంది. ఆ తరవాత ఎవరికి చెప్పాలి, ఆ రాత్రి ఇంట్లో ఎవరు తోడుండాలి, పురుగుమందు డబ్బా ఎక్కడుంది అన్నవన్నీ వరసగా తేల్చుకోవాలి. ఇది వీడియో పాఠాలతో వచ్చే విద్య కాదు. పక్కన ఒక పెద్ద కూర్చుని, మనం మాట్లాడిన తీరు విని, ఎక్కడ తొందరపడ్డామో చెబితే వస్తుంది.

ఇంకో సంగతి. మన ఊళ్లలో కౌన్సెలర్ ఎవరికో ఒకరికి పిన్ని కూతురో, మేనకోడలో అవుతుంది. చెప్పుకున్న బాధ సాయంత్రానికి రచ్చబండ చేరితే ఆ కుటుంబం మళ్లీ ఎవరి గడపా తొక్కదు. గుట్టు కాపాడటం, దగ్గరివాళ్ల కేసు మరొకరికి అప్పగించడం కూడా నేర్చుకోవలసిన పనులే.

విజయనగరం సోషల్ వర్కర్: చట్టం సంగతి చెబుతాను. 2021 నాటి అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కౌన్సెలర్లను కూడా తన పరిధిలోకి తెచ్చింది. క్లినికల్ సైకాలజిస్టులు అంతకుముందు నుంచే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) పరిధిలో ఉన్నారు. అంటే అడ్డూ అదుపూ లేకుండా బోర్డు పెట్టుకునే కాలం పోతోంది. అమెరికాలో కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ సీఏసీఆర్‌ఈపీ. దాని గుర్తింపున్న కోర్సుల్లో ప్రాక్టికమ్ (తొలి దశ ప్రత్యక్ష సాధన) 100 గంటలు, ఇంటర్న్‌షిప్ 600 గంటలు తప్పనిసరి. లైసెన్సు రావాలంటే ఆపైన మళ్లీ పర్యవేక్షణలో వేల గంటల పని. అంత మనకు ఇప్పుడే కుదరకపోవచ్చు కానీ, అసలు గంటల లెక్కే లేని సర్టిఫికెట్‌ను నమ్మి మనుషుల్ని అప్పగించలేం.

సోంపేట మాస్టారు: నర్సమ్మ గారు చెప్పింది కాదనలేను. కానీ రెండేళ్లు విశాఖలో హాస్టల్ ఖర్చు ఎవరు భరిస్తారు? డబ్బున్న ఇంటి పిల్లలే చదివితే వాళ్లు విశాఖలోనే ఉండిపోతారు. అప్పటిదాకా మా వాళ్లు ఎవరితో చెప్పుకోవాలి?

డయాలసిస్ నర్సు: అప్పటిదాకా 14416 ఉంది. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. ఆశా కార్యకర్తలు బాధలో ఉన్నవాళ్లను గుర్తించి అక్కడికి దారి చూపాలి, చికిత్స భారం వాళ్ల మీద వేయకూడదు. ఖర్చు విషయంలో మాత్రం మీతోనే ఉన్నాను మాస్టారూ. ఫీల్డు శిక్షణ పలాస కిడ్నీ ఆసుపత్రిలో, శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పెట్టి, నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. నియమం సడలించమని కాదు, ఈ డబ్బు కోసం గట్టిగా అడుగుదాం.

అమ్మాయీ, ఏ కోర్సులో చేరే ముందైనా మూడు ప్రశ్నలు వెయ్యి: నా పనిని పర్యవేక్షించేది ఎవరు? రోగులతో నేరుగా ఎన్ని గంటలు? నాకు చేతకాని కేసు వస్తే ఎవరికి ఫోను చేయాలి? జవాబు చెప్పలేని చోట ఫీజు కట్టకు.