మెరిసే వెండి రూపాయి: ఫోటో చూసి పాలిష్ పట్టుకోగలమా?

గంటస్తంభం (విజయనగరం):
ఆన్‌లైన్‌లో 1862 విక్టోరియా రూపాయి ఒకటి అమ్మకానికి పెట్టారు. ఫోటోలు రెండే, బొమ్మ ఒకటి, బొరుసు ఒకటి. "ఒరిజినల్ షైన్, ఏమీ చెయ్యలేదు" అని రాసుంది. రాణిగారి జుట్టు అరిగి నున్నగా అయిపోయింది, గౌను మీద అల్లిక సగం లేదు. నాణెం మాత్రం తెల్లగా ధగధగలాడుతోంది. మా స్నేహితుల్లో ఒకాయన ఫోటోలో ఏదీ తేలదు, చేతిలోకి వస్తేనే తెలుస్తుందంటారు. ఇంకొకాయన ఈ ఫోటో చాలు, వదిలెయ్యమంటారు. నాకు రెండు అనుమానాలు. పాలిష్ సంగతి ఫోటోలో నిజంగా తెలుస్తుందా? తెలిస్తే మాత్రం కొనకూడదా?

నాగావళి (శ్రీకాకుళం):
మీరు రాసిన దాంట్లోనే జవాబు ఉందండీ. అంత అరుగుదల, అంత మెరుపు ఒకే నాణెం మీద ఉండవు. టంకశాలలో అచ్చు పడేటప్పుడు లోహం అంచుల వైపు పారుతుంది. ఆ పారిన జాడలు కంటికి విడిగా కనపడనంత సన్నని చారలుగా మిగులుతాయి. దీపం కింద నాణేన్ని వాల్చి తిప్పితే వెలుగు పట్టీ ఒకటి చుట్టూ తిరిగేది వాటి వల్లే. చేతులు మారడం మొదలవగానే ముందు పోయేవి ఆ చారలే. జుట్టు పాయలు అరిగేదాకా తిరిగిన రూపాయికి ఆ మెరుపు మిగలదు. మీ ఫోటోలోది తర్వాత ఎవరో తెప్పించిన మెరుపు.

ఫోటో పెద్దది చేసి ముందు అక్షరాల మూలలు చూడండి. పక్కనున్న ఖాళీ జాగా తెల్లగా ఉండి, అక్షరాల సందుల్లో మాత్రం నల్ల మట్టి ఇరుక్కుని ఉంటే గుడ్డ పెట్టి తోమినట్టే. గుడ్డ సందుల్లోకి వెళ్ళదు కదా. తర్వాత గీతలు. జేబులో, గల్లాపెట్టెలో పడ్డ గీతలకి దిక్కూ దరీ ఉండదు, లోతు కూడా తలో రకం. తోమిన గీతలు సన్నగా, గుంపుగా, ఒకే వైపుకి ఉంటాయి. అక్షరం దగ్గరకొచ్చి ఆగి, దాటాక మళ్ళీ మొదలవుతాయి. ఆఖరున అక్షరాల అంచులు. మోటారు మీద గుడ్డ చక్రం తిప్పి మెరుగు పెట్టిన (బఫింగ్ అంటారు) నాణెం మీద అక్షరాలు వాడిన సబ్బు మీది పేరులా ఉంటాయి, చదవొచ్చు కానీ అంచు ఉండదు.

మెరుగుపని (విజయనగరం):
పై పోస్టు పెట్టినవారి మీద గౌరవం ఉంది కానీ ఒప్పుకోను. నాది వెండి పని, ఈ మెరుగులు పెట్టేది మాలాంటివాళ్ళమే. రెండు వైపులా లైట్లు పెట్టి, మధ్యలో తెల్ల కాగితం అడ్డం పెట్టి తీస్తే మీరు చెప్పిన గీత ఒక్కటీ కనపడదు. పైగా ఫోన్ కెమెరాలు వాటంతట అవే నునుపు చేసేస్తున్నాయి. సందుల్లో మట్టి అంటారా, కుంకుడు రసంలో నానబెట్టి ఇత్తడి తీగ బ్రష్ పట్టిస్తే అదీ పోతుంది. తెల్లగా వద్దు, పాతగా కావాలనే గిరాకీ కూడా ఉంది. గంధకం పొగ పట్టిస్తే ఒక్క పూటలో నల్లబడుతుంది. ఏటండీ ఫోటోలో పట్టుకునేది?

నాగావళి (శ్రీకాకుళం):
పని తెలిసినవారు వచ్చారు, మంచిదే. బ్రష్ సంగతి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. మోటారుకి తీగ బ్రష్ బిగించి ఆడిస్తే పై లోహం కదిలి అక్షరాల పక్కన చిన్న గట్టులా పేరుకోదా? దగ్గర నుంచి తీసిన ఫోటోలో అది కనపడుతుంది. గంధకం నలుపు కూడా అంతే. మామూలుగా కాలం తెచ్చిన నలుపు చాలా నాణేలకి అంచు నుంచి లోపలికి పాకుతుంది, రంగు మెల్లగా మారుతూ పోతుంది. పొగ పట్టించింది అంతటా ఒకేలా కమ్ముకుంటుంది. ఇంకో గుర్తు ఉంది. గీత నలుపుని కోసుకుంటూ తెల్లగా పోతే గీత కొత్తది. గీత మీదుగా నలుపు పరుచుకుని ఉంటే ఎప్పుడో తోమి వదిలేశారు, తర్వాత మళ్ళీ నలుపెక్కింది.

మెరుగుపని (విజయనగరం):
గట్టు కట్టే మాట నిజమే. చేతి బ్రష్‌కి అంత ఉండదు.

వంశధార (నరసన్నపేట వైపు):
ఇంత పరిశోధన దేనికండీ? వెండి కిలో 2025లో లక్ష దాటిపోయింది. పాత రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. అంటే పది గ్రాముల పైచిలుకు వెండి చేతిలో ఉన్నట్టే. నేను 1918, 1919, 1920 జార్జ్ రూపాయలు కొంటుంటాను. అవి ఎక్కడ చూసినా దొరుకుతాయి. పాలిష్ చేసినా చెయ్యకపోయినా తూకం రేటుకి అటూ ఇటుగానే వస్తాయి. తోమారని ఏడవడం అరుదైన నాణేలకే గానీ వీటికెందుకు?

ఆ సంవత్సరాలవి అన్ని ఎందుకున్నాయో కూడా చెబుతాను, నాకిష్టమైన కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో మన రూపాయలకి వెండి కరువొచ్చింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లు 25 కోట్లకు పైగా కరిగించి ఆ వెండిని బ్రిటన్‌కి అమ్మింది. అది ఇక్కడ రూపాయలైంది. మన ముసలమ్మల కొంగుముడిలో ఉన్నది అమెరికా వెండి అయినా ఆశ్చర్యం లేదు.

గంటస్తంభం (విజయనగరం):
కథ బాగుంది. నేను చూస్తున్నది 1862, అది అలాంటిది కాదు కదా?

నాగావళి (శ్రీకాకుళం):
కాదు. వంశధార గారి లెక్క 1919కి సరిపోతుంది, 1862కి సరిపోదు. 1862 అని ముద్ర ఉన్న రూపాయలు ఆ ఒక్క ఏడే కొట్టలేదు. 1874 దాకా అదే సంవత్సరం వేసి కొడుతూ పోయారు. రకాలు విడదీసేది సంవత్సరం అంకెల దగ్గరుండే సన్న చుక్కల లెక్కతో. కొన్ని రకాలు దండిగా దొరుకుతాయి, కొన్ని దొరకవు. ధరలో తేడా అంతా ఆ చుక్కల్లోనే. బఫింగ్ మోటారు ముందు మింగేది వాటినే. రాణిగారి ముక్కు ఎలాగో మిగులుతుంది, చుక్క మిగలదు. మెరుపు కోసం తోమితే అది ఏ రకమో తెలిసే దారే మూసుకుపోతుంది.

పూజగది (బొబ్బిలి):
నాణేల శాస్త్రం నాకు తెలీదు కానీ ఒక మాట అంటాను. మా అత్తగారి రూపాయి బిళ్ళలు దీపావళికి లక్ష్మీపూజలో పెడతాం. ప్రతి ఏడాదీ చింతపండు రాసి, విభూతి వేసి తోముతాం. నల్ల వెండి దేవుడి ముందు పెట్టరు మా ఇంట్లో. మీ లెక్కన మా బిళ్ళలన్నీ పాడైపోయినట్టేనా? నాణేలు సేకరించేవాళ్ళు కొందరు తోమిన నాణేన్ని దెబ్బతిన్నది అంటుంటే నాకు కోపం వస్తుంది. నాలుగు తరాల చేతులు పడ్డ వస్తువది.

నాగావళి (శ్రీకాకుళం):
అమ్మా, మీ పూజలో బిళ్ళకి ఎవరి గ్రేడూ, అంటే నాణ్యత అంకె, అక్కర్లేదు. మీ ఇంటి ఆచారం మీది. నా పేచీ అల్లా "ఏమీ చెయ్యలేదు" అని రాసి అమ్మేవాళ్ళతోనే. ఒక్క సంగతి మాత్రం మనవి చేసుకుంటాను. చింతపండు పులుపు వల్ల వెండికి పెద్ద హాని లేదు. గీసేది బూడిదే. మన వైపు గిన్నెలు తోమే ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అది వెండి కన్నా ఎంతో గట్టిది. టూత్‌పేస్టులోనూ గీసే పొడి ఉంటుంది. చింతపండు నీళ్ళలో కాసేపు ఉంచి, మంచినీళ్ళతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దితే గీతలు పడవు, నలుపు అంతా మాత్రం పోకపోవచ్చు.

పూజగది (బొబ్బిలి):
అది చెప్పండి మరి ముందే. ఈసారి విభూతి వెయ్యను. అయినా దెబ్బతిన్నది అనే మాట నేను ఒప్పుకోను.

వంశధార (నరసన్నపేట వైపు):
నేనూ ఆవిడ పక్షమే. అమ్మేవాడు తోమానని రాయాలంటున్నారు సరే, వాడికి తెలియాలి కదా? ఇంట్లో ముసలావిడ తోమి పెట్టింది, మనవడు అమ్మకానికి పెట్టాడు. వాడి దృష్టిలో అది శుభ్రంగా ఉన్న నాణెం. దాన్ని మోసం అనగలమా?

నాగావళి (శ్రీకాకుళం):
తెలియకపోతే "తెలియదు" అని రాయొచ్చు. "ఏమీ చెయ్యలేదు" అని రాయడం తెలిసి చెప్పే మాట. ఆ మాటకే కదా ఎక్కువ ధర అడుగుతున్నాడు.

మెరుగుపని (విజయనగరం):
ఇక్కడ మాత్రం నాగావళి గారి వైపే నేను. మా దగ్గర మెరుగు పెట్టించుకుని వెళ్ళేవాళ్ళలో అమ్మకం మనుషులెవరో, ఇంటి మనుషులెవరో అడిగే ప్రశ్నల్లోనే తెలిసిపోతుంది. ఇంటి మనిషి "తెల్లబడుతుందా" అంటాడు. అమ్మేవాడు "గీతలు కనపడవు కదా" అంటాడు.

ఇంకో మాట. కొంతమంది తూకం ఫోటో అడిగి, 11.6 ఉంది కాబట్టి పాలిష్ లేదు అనుకుంటున్నారు. అది పొరపాటు లెక్క. మెరుగు పెడితే పోయేది మిల్లీగ్రాముల్లో, మీ చిన్న కాటాకి అది అందదు. చేతుల్లో అరిగినందుకు పోయేదే ఎక్కువ. తూకం నకిలీని పట్టుకోడానికి పనికొస్తుంది. పాత రూపాయి 180 గ్రెయిన్లు, అదే తులం. మా తాతల నాడు తక్కెడలో తులం రాయికి బదులు రూపాయే వేసేవారు. 10.8, 12.3 అని చూపిస్తే దండం పెట్టి బయటికి రండి. 1939 జార్జ్ రూపాయి అని ఎవరన్నా పెడితే తూకం సరిపోయినా తొందరపడొద్దు, దానికి దొంగ అచ్చులు చాలా తిరుగుతున్నాయి.

పలాస ప్యాసింజర్ (పలాస):
ఈ గొడవంతా లేకుండా నాణేల్ని పరీక్షించి గ్రేడ్ ఇచ్చే విదేశీ సంస్థలు ఎన్‌జీసీ, పీసీజీఎస్ వాళ్ళ డబ్బాలో సీల్ చేసిన నాణెం కొనుక్కుంటే పోదా? తోమినదైతే గ్రేడ్ అంకె ఇవ్వరు, "డీటెయిల్స్" అని రాసి పక్కన "క్లీన్డ్" అని పెడతారు.

నాగావళి (శ్రీకాకుళం):
మంచిదే, కానీ డబ్బాలకీ నకిలీలు వచ్చాయి. దాని మీది నంబరు ఆ సంస్థ సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోతో మన నాణెం గీత గీతా పోల్చి చూసుకోవాలి. మన దగ్గరున్న పాతదాన్ని బయటి దేశానికి పంపి గ్రేడ్ చేయించుకుందాం అనుకునేవారికి ఒక హెచ్చరిక. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు కింద లెక్క. దాన్ని మనంతట మనం దేశం దాటించకూడదు. 1862 అయితే అస్సలు కుదరదు.

పలాస ప్యాసింజర్ (పలాస):
ఇది తెలీదు. థాంక్స్. అన్నట్టు మీ పాత నాణెం లక్షలకి కొంటాం, ముందు కమిషన్ కట్టండి అని రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఫోన్ చేస్తారు చూడండి, అది శుద్ధ మోసం. రిజర్వ్ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. ఈ చర్చకి సంబంధం లేదు గానీ ఎవరికైనా పనికొస్తుందని.

గంటస్తంభం (విజయనగరం):
అందరూ చెప్పింది విని అమ్మే అతన్ని మూడు అడిగాను. ఒకే బల్బు కింద నాణేన్ని వాల్చి తిప్పుతున్న వీడియో, అంచు చుట్టూ ఫోటోలు, కాటా మీద తూకం. ముందు "టైం లేదు" అన్నాడు, తర్వాత పంపాడు. తూకం 11.5, అది బాగానే ఉంది. వీడియోలో వెలుగు పట్టీ తిరగడం లేదు, నాణెం మొత్తం ఒకేసారి తళుక్కుమంటోంది. వాల్చినప్పుడల్లా సన్న గీతలు గుంపుగా లేస్తున్నాయి. ఫోటోలో ఒక్కటీ కనపడలేదు, అంటే మెరుగుపని గారి మాటా నిజమే. అసలు సంగతి అంచు మీద ఉంది. రాణిగారి తల పైన కొద్ది మేర అంచు గాట్లు లేవు, అక్కడ రంగు కూడా వేరుగా ఉంది.

మెరుగుపని (విజయనగరం):
కొంకి పీకేసిన చోటు. దండలోదై ఉంటుంది. పాత రూపాయల దండలు విడిపోయి మా దగ్గరికి చాలానే వస్తాయి. కొంకి తీసి, ఆకురాయి పెట్టి, ఆ మచ్చ కనపడకుండా మొత్తానికీ బఫ్ కొట్టేస్తారు. మెరుగు ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసింది కదా.

గంటస్తంభం (విజయనగరం):
అడిగితే "పాతదనం వల్ల" అన్నాడు. వెండి తూకం రేటుకి ఇస్తావా అన్నాను. కుదరదన్నాడు. నేను ఊరుకున్నా.

వంశధార (నరసన్నపేట వైపు):
తిట్టకండి, అది నేను తీసుకున్నా. తూకం రేటు మీద కాస్త ఎక్కువ వేసి అడిగితే ఇచ్చేశాడు. మోసపోయి కాదు, అన్నీ తెలిసే కొన్నా.

నాగావళి (శ్రీకాకుళం):
మీ డబ్బు, మీ ఇష్టం. చుక్కలు చూశారా?

వంశధార (నరసన్నపేట వైపు):
భూతద్దం పెట్టి చూశా. ఒకటి ఉన్నట్టే ఉంది, ఇంకోటి ఉందో లేదో చెప్పలేను, అక్కడ నున్నగా ఉంది. నాకు దాంతో పని లేదు. మళ్ళీ కొంకి పెట్టించి మా అమ్మాయికి నల్లతాడులో వేయిస్తాను.

మెరుగుపని (విజయనగరం):
పెట్టించేటప్పుడు వెండి టంకమే వెయ్యమనండి. పాత కొంకి దగ్గర సీసం టంకం మిగిలి ఉంటే ముందు దాన్ని పూర్తిగా తీయించండి. దాని మీద వేడి తగిలితే సీసం వెండిలోకి దిగి గుంటలు పడతాయి, తర్వాత ఎంత మెరుగు పెట్టినా పోవు. కూలి ఎంతో ఇక్కడ రాయను, షాపుకి రండి.